రోజర్‌ను మరిచిపోయిన సినిమా

క్రైస్తవ సినిమా అనగానే మా ఇళ్ళలో పెద్దవాళ్ళకు యేసు ప్రభువు కథే గుర్తుకొస్తుంది. తెలుగులో అయితే 1978లో వచ్చిన 'కరుణామయుడు', అందులో విజయచందర్ గారి వేషం. ఆ తరువాతి ఏడాది వచ్చిన 'జీసస్' అనే ఇంగ్లీషు సినిమాను తమిళంలోకీ తెలుగులోకీ మార్చి, పల్లెల్లో తెర కట్టి ప్రొజెక్టరుతో చూపించారు. మా అవ్వ చిన్న వయసులో అలాంటి తెర ముందు నేల మీద కూర్చుని చూసిందట. సిలువ మోసే చోట ఏ మతంవాళ్ళని లేకుండా ఊరంతా ఏడ్చిందని ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు యూత్ మీటింగుల్లో మా వయసు పిల్లలకు చూపించే సినిమాలు అలాంటివి కావు. వాటిలో ప్రభువు వేషం వేసిన నటుడే ఉండడు. ఒక బడి ఉంటుంది, స్నేహితుల గుంపులు ఉంటాయి, తాగుడు ఉంటుంది, ఇంట్లో అమ్మానాన్నల గొడవ ఉంటుంది, బతకాలని లేని ఒక పిల్లవాడు ఉంటాడు.

అలాంటి సినిమాల్లో పేరున్నది 'టు సేవ్ ఎ లైఫ్'. ఒక ప్రాణాన్ని కాపాడటానికి అని అర్థం. ఇది 2010 జనవరి 22న అమెరికా థియేటర్లలో విడుదలైంది. దర్శకుడు బ్రయన్ బా. కథ రాసిన జిమ్ బ్రిట్స్ కాలిఫోర్నియాలో ఓషన్‌సైడ్ అనే ఊళ్ళో చర్చి యువకులతో పనిచేసిన మనిషి. రోజూ పదిహేను, పదహారేళ్ళ పిల్లలతో మాట్లాడే పని ఆయనది. అది కథలో చాలా చోట్ల తెలుస్తుంది.

పోయిన వేసవి సెలవుల్లో నా స్నేహితుడు పిలిస్తే కోవిల్‌పట్టి నుంచి రైలెక్కి విరుదునగర్ వెళ్ళి, ఒక యూత్ మీటింగులో దీన్ని చూశాను. సినిమా ఇంగ్లీషులో నడుస్తుంటే, మధ్యమధ్య ఆపి ఒక అన్న తమిళంలో అర్థం చెప్పాడు. మేము నలుగురం తెలుగు మీడియం పిల్లలం అది మళ్ళీ తెలుగులో గుసగుసలాడుకున్నాం. ఒక సినిమాకు మూడు భాషలు! అయినా ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు హీరో ప్రేమించిన అమ్మాయి గర్భవతి అయ్యే భాగాన్ని పరుగులు పెట్టించి దాటించేశారు. తుపాకీ భాగాన్ని మాత్రం పూర్తిగా చూపించారు. ముందు వరుసలో ఆరో తరగతి పిల్లలు కూర్చుని ఉన్నారు. అమెరికాలో ఈ సినిమాకు పి.జి.-13 అని సర్టిఫికెట్ ఇచ్చారు. పదమూడేళ్ళ లోపు పిల్లలకు కొన్ని సంగతులు తగకపోవచ్చు, తల్లిదండ్రులు చూసుకోవాలి అని దాని అర్థం. మనవాళ్ళు ఏది దాచాలనుకున్నారో, ఏది దాచాల్సిన పని లేదనుకున్నారో చూడండి. తరువాత నేను మా స్నేహితుడి ఇంట్లో సినిమా మొత్తం ఇంకోసారి చూశాను. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

కథ ఇది. జేక్, రోజర్ చిన్నప్పటి నుంచి ప్రాణ స్నేహితులు. ఒకరోజు జేక్ మీదికి కారు వస్తుంటే రోజర్ అతన్ని పక్కకు తోసి, తాను దెబ్బ తింటాడు. అప్పటి నుంచి రోజర్‌కు కుంటి నడక. హైస్కూల్‌కు వచ్చాక జేక్ బాస్కెట్‌బాల్‌లో పెద్ద ఆటగాడు అవుతాడు. పేరున్న పిల్లల గుంపులో చేరతాడు, ఎమీ అనే అమ్మాయి అతనికి దగ్గరవుతుంది. కుంటుకుంటూ వెనక వచ్చే రోజర్ అతనికి బరువు అవుతాడు. పోట్లాట ఏమీ జరగదు. తిట్టుకోవడం కూడా లేదు. ఊరికే వదిలేస్తాడు, అంతే. కొన్నేళ్ళ తరువాత ఒక రోజు రోజర్ తుపాకీతో బడికి వచ్చి, అందరి ముందు తన ప్రాణం తీసుకుంటాడు. తాను ఏదైనా చేసి ఉంటే రోజర్ బతికేవాడా అనే ప్రశ్న అప్పటి నుంచి జేక్‌ను వదలదు. క్రిస్ అనే యువజన పాస్టరును అడుగుతాడు, చర్చికి వెళ్తాడు, తాగుడు మానతాడు, పాత గుంపుకు దూరమవుతాడు. బడిలో ఒంటరిగా ఉండే జానీ అనే అబ్బాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. జానీ కూడా అదే అంచు దాకా వచ్చినప్పుడు జేక్ అతని కోసం వెళ్తాడు.

బాగున్నది ముందు చెబుతాను. ఈ సినిమా చర్చిని వెనకేసుకురాదు. యువకుల కూటంలో పాస్టరు కొడుకే లోపల ఒకటి, బయట ఒకటి. అక్కడికి వచ్చే పిల్లలు కూడా బడిలో లాగానే గుంపులు కట్టి, కొత్తగా వచ్చినవాణ్ణి పైనుంచి కిందికి చూస్తారు. ఇదంతా మిమ్మల్ని మార్చకపోతే ఎందుకు వస్తున్నారని జేక్ వాళ్ళను నిలదీసే చోటు నాకు సినిమా అంతటిలోకీ నచ్చింది. ఒక మతానికి చెందినవాళ్ళు తమ ఇంటి చెత్తను తామే తెర మీద చూపించుకోవడం సులువు కాదు. 'చెడ్డ పిల్లలు చర్చి బయట, మంచి పిల్లలు చర్చి లోపల' అని తీసి ఉంటే నేను సగంలో లేచి వచ్చేసేవాణ్ణి.

రెండోది, మధ్యాహ్న భోజనం. జానీ ఒంటరివాడు అని ఎవరూ చెప్పనక్కరలేదు. భోజనం వేళ ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూపిస్తే చాలు, తెలిసిపోతుంది. ఇది మన ప్రాంతంవాళ్ళకు బాగా అర్థమయ్యే విషయం. బడికి వచ్చిన పిల్లవాడు ఆకలితో కూర్చోకూడదని 1950లలో మధ్యాహ్న భోజనం పెట్టించిన కామరాజర్ విరుదునగర్‌లో పుట్టినవారు. ఆ పథకం మొదలైంది మన కోవిల్‌పట్టి దగ్గరున్న ఎట్టయాపురంలో అని పెద్దలు గర్వంగా చెబుతారు. తరువాత 1982లో ఎం.జి.ఆర్. దాన్ని సత్తుణవు పథకంగా పెంచారు. కాబట్టి మన బడుల్లో ఎవరి కంచంలోనైనా అన్నం ఉంటుంది. ఆ కంచం పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలో మాత్రం ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చునే గుంపులు ఉంటాయి, గోడ వైపు తిరిగి గబగబా తినేసి లేచిపోయేవాళ్ళూ ఉంటారు. జేక్ తన కంచం తీసుకుని జానీ దగ్గరికి నడిచే దృశ్యంలో పెద్ద మాటలు ఏమీ లేవు. కానీ అతను నడిచేంతసేపు వెనక గుంపు చూస్తూ ఉంటుంది. 'తోటివాళ్ళ ఒత్తిడి' అని మన పాఠాల్లో రాసేది అదే. ఎవరూ ఏమీ బలవంతం చేయరు. చూస్తారు, అంతే.

ఇక నాకు నచ్చనిది.

సినిమా అయిపోయాక మా నలుగురినీ నేను ఒక ప్రశ్న అడిగాను. రోజర్‌కు ఏమంటే ఇష్టం? ఎవరూ చెప్పలేకపోయారు. జేక్‌కు ఏమిష్టమో చెప్పారు, అతను ఏ ఆట ఆడతాడో చెప్పారు, అతని నాన్న ఎలాంటివాడో కూడా చెప్పారు. రోజర్ గురించి మాకు మిగిలింది మూడే: కారు దెబ్బ, కుంటి నడక, చావు. జేక్‌ను కాపాడినప్పుడు ఒకసారి, చనిపోయినప్పుడు ఒకసారి కథకు పనికొస్తాడు. ఆ తరువాత కథ అంతా జేక్ ఎలా మారాడు అన్నదే. ఒక పిల్లవాడి చావు ఇంకొక పిల్లవాడి మంచి బుద్ధికి మెట్టు అయిపోయింది. బడిలో అందరూ రోజర్‌ను ఎలా చూడకుండా వెళ్ళిపోయారో, సినిమా కూడా అలాగే వెళ్ళిపోయింది. అది దర్శకుడికి తెలిసి చేసినట్టు నాకు అనిపించలేదు.

ఇది నాకు ఎందుకు ఇంతగా తగిలిందో చెబుతాను. కొన్నేళ్ళ కిందట, పరీక్ష ఫలితాలు వచ్చిన వారంలో, నాకు తెలిసిన ఒక అక్క ప్రాణం తీసుకుంది. ఇప్పుడు ఆ అక్క మాట వస్తే అందరూ గొంతు తగ్గిస్తారు. "పాపం, ఒక్క సబ్జెక్టు కోసం" అంటారు. పేరు కూడా అనరు, "ఆ పిల్ల" అంటారు. నాకు సైకిల్ నేర్పింది ఆ అక్కే. నేను పడిపోయినప్పుడల్లా ముందు నవ్వి, తరువాత లేపేది. మార్గళి మాసంలో వీధిలో అందరికంటే పెద్ద ముగ్గు ఆమెదే. ఇవేవీ ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. ఒక మనిషి పదిహేడేళ్ళు బతికిన బతుకంతా పోయి, చివరి రోజు ఒక్కటే మిగిలింది. ఒక సినిమా దాన్ని సరిచేయగలదు కదా, చివరి రోజుకు ముందున్న రోజులను చూపించగలదు కదా అని నాకు ఆశ. 'టు సేవ్ ఎ లైఫ్' ఆ పని జేక్‌కు చేసింది, రోజర్‌కు చేయలేదు.

మన దగ్గర ఒత్తిడి వేరే రూపంలో ఉంటుంది అన్నది కూడా ఇక్కడ చెప్పాలి. ఆ సినిమాలో పార్టీకి రాకపోతే, తాగకపోతే, ఆటలో గెలవకపోతే గుంపులో చోటు లేదు. విరుదునగర్ వైపు మార్కులే ఆ పని చేస్తాయి. ప్లస్ టూ ఉత్తీర్ణత శాతంలో 2017లోనూ 2018లోనూ రాష్ట్రంలో మొదటి జిల్లా విరుదునగరే. అంతకు ముందు కూడా ఎన్నో ఏళ్ళు ఆ పేరు దానిదే. అందులో ఉపాధ్యాయుల కష్టం ఉంది, గర్వపడాల్సిందే. కానీ అంతమంది పాసయ్యే చోట ఫెయిలైన పిల్లవాడు ఎంత ఒంటరివాడో ఆలోచించండి. నూటికి యాభై మంది తప్పే ఊళ్ళో అయితే అతనికి తోడు ఉంటుంది. నూటికి ఇద్దరో ముగ్గురో తప్పే ఊళ్ళో అతను వీధిలోకి ఎలా వస్తాడు? 2017 నుంచి ప్రభుత్వం రాష్ట్ర ర్యాంకులు ప్రకటించడం మానేసింది. అయినా ఫలితాల మరుసటి రోజు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు చూడండి, ఫోటోలూ మార్కులూ ఎక్కడికీ పోలేదు. ఇడైసేవల్‌లో పుట్టిన మన తెలుగింటి కి. రాజనారాయణన్ గారు బడి చదువు పూర్తి చేయకుండానే తమిళంలో అంత పెద్ద రచయిత అయ్యారు, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పారు. ఈ సంగతి మనకు ఏడాదంతా చెబుతారు. ఫలితాలకు ముందు రోజు మాత్రం ఒక్కరికీ గుర్తు రాదు!

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. రాష్ట్రాల వారీగా మహారాష్ట్ర మొదటిది, మన తమిళనాడు రెండోది. ఉత్తీర్ణతలో స్థానం అందరికీ తెలుసు. ఈ స్థానం తెలిసినవాళ్ళు తక్కువ.

మార్కుల సంగతి తీసుకున్న సినిమా మనకు ఉంది కదా, 'నన్బన్' అని కొందరు అడగవచ్చు. 2012లో విజయ్, జీవా, శ్రీకాంత్ నటించిన ఆ సినిమాకు మూలం హిందీ 'త్రీ ఇడియట్స్'. అది విడుదలైంది 2009 డిసెంబర్ 25న, అంటే 'టు సేవ్ ఎ లైఫ్' కంటే నెల రోజులు కూడా ముందు కాదు. భూమికి ఆ వైపూ ఈ వైపూ ఒకే నెలలో పిల్లల చావుల మీద రెండు సినిమాలు వచ్చాయన్నమాట. 'నన్బన్'లో కాలేజీలో ఒక విద్యార్థి చనిపోతాడు, తరువాత జీవా వేసిన సెంథిల్ కిటికీ నుంచి దూకుతాడు. కానీ ఆస్పత్రిలో స్నేహితులు చేసే హాస్యంతో, పాటలతో అతను తేరుకుంటాడు. థియేటర్లో అందరూ చప్పట్లు కొడతారు. నాకు విజయ్ అంటే ఇష్టమే, అయినా చెబుతాను: ఈ విషయంలో అమెరికా సినిమాయే ఎక్కువ నిజం చెప్పింది. రోజర్ తిరిగి రాడు. ఏ జోకుకీ లేవడు. ఆ ఖాళీ చోటును సినిమా చివరి దాకా అలాగే ఉంచింది.

అయితే ఆ చావును తెర మీద చూపించాలా? 2017లో వచ్చిన 'థర్టీన్ రీజన్స్ వై' అనే సీరియల్ గురించి ఇదే గొడవ జరిగింది. ఒక అమ్మాయి చనిపోయే దృశ్యాన్ని వివరంగా చూపించారని డాక్టర్లు, తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. చివరికి 2019 జూలైలో నెట్‌ఫ్లిక్స్ ఆ దృశ్యాన్ని తీసేసింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమావాళ్ళ కోసమే ఒక చిన్న పుస్తకం వేసింది. ఎలా చనిపోయారో చూపించవద్దు, కష్టం నుంచి బయటపడ్డవాళ్ళను చూపించండి అని అందులో చెప్పారు. 'టు సేవ్ ఎ లైఫ్' అంతకు ముందే తీసినది కనుక ఆ పుస్తకం వాళ్ళకు అందలేదు. కానీ ఈ రోజు ప్రొజెక్టరు పెట్టే పెద్దలకు అందుతుంది. రిమోట్ చేతిలో ఉన్నవాళ్ళు ఏ భాగాన్ని దాటించాలో ఇంకొకసారి ఆలోచించాలని నా మనవి.

నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది పేరే. ఒక ప్రాణాన్ని కాపాడటానికి. ఎవరు కాపాడాలి? సినిమా ప్రకారం పదిహేడేళ్ళ జేక్. రోజర్ చనిపోయింది జేక్ వదిలేసినందుకు, జానీ బతికింది జేక్ పట్టుకున్నందుకు అన్నట్టుగా కథ కట్టారు. మీటింగు అయ్యాక ఒక అమ్మాయి ఏడుస్తూ, తన స్నేహితురాలు ఇలాగే మాట్లాడుతోందని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేశానని, ఇప్పుడు ఏమైనా జరిగితే తనదే తప్పు అవుతుందా అని అడిగింది. ఆ ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. జవాబు చెప్పింది ఆ రోజు అక్కడున్న ఒక టీచరమ్మ. "ఆ ఒట్టు ఇప్పుడే తీసి గట్టున పెట్టు తల్లీ. నువ్వు కాపాడక్కరలేదు. ఆ పిల్ల వాళ్ళమ్మకో మాకో చెప్పు, అంతే నీ పని" అంది. ఆ అమ్మాయి ముఖంలో వెంటనే బరువు దిగినట్టు కనబడింది. రెండు గంటల సినిమా చెప్పలేనిది ఆ టీచరమ్మ ఒక్క మాటలో చెప్పింది. పక్కన కూర్చోవడం మా వంతు. అంతకు మించినది మేము మోయలేము, మోయమని అడగకూడదు కూడా. అందుకోసం పెద్దవాళ్ళు ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు. 1986 నుంచి చెన్నైలో స్నేహ అనే సంస్థ ఈ పనే చేస్తోంది. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తమిళంలోనూ మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరును సినిమా చివర తెర మీద వేయడానికి అర నిమిషం పట్టదు. ఆ రోజు వేయలేదు.

బ్రయన్ బా 2016లో 'ఐ యామ్ నాట్ అషేమ్డ్' అనే ఇంకో సినిమా తీశాడు. 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ హైస్కూల్‌లో జరిగిన కాల్పుల్లో చనిపోయిన రేచల్ స్కాట్ అనే అమ్మాయి కథ అది. అందులో అతను పద్ధతి మార్చుకున్నాడు. చనిపోయే పిల్లే కథకు మధ్యలో ఉంటుంది. ఆమె స్నేహాలు, తప్పులు, కోపాలు, డైరీలో రాతలు, నాటకాలంటే ఇష్టం, అన్నీ చూస్తాం. ఆ సినిమాకు వేరే లోపాలు ఉన్నాయి, అక్కడక్కడా ప్రసంగం ఎక్కువైంది. కానీ సినిమా అయ్యాక 'రేచల్‌కు ఏమంటే ఇష్టం' అని అడిగితే ఎవరైనా చెబుతారు. రోజర్‌కు చేయనిది రేచల్‌కు చేశాడు అనిపించింది.

ఇలాంటి సినిమా మన వైపు ఎవరైనా తీస్తారా అని నేనూ నా స్నేహితుడూ రైల్లో వస్తూ మాట్లాడుకున్నాం. సాత్తూరు దాటేదాకా వాడు హీరో ఎవరు, పాటలు ఎన్ని అనే లెక్కలోనే ఉన్నాడు. నా సినిమాలో మాత్రం మొదటి అరగంట ఎవరూ చనిపోరు. ఒక పదో తరగతి పిల్లవాడు గోడ వైపు తిరిగి టిఫిన్ డబ్బా తెరుస్తాడు. నిమ్మకాయ అన్నం, ఒక మూల కాగితంలో చుట్టిన కడలైమిఠాయి ముక్కలు రెండు. అది వాళ్ళ నాన్న పనిచేసే చోటు నుంచి తెచ్చింది. వాడికి రైళ్ళ పేర్లు, అవి కోవిల్‌పట్టికి వచ్చే వేళలు అన్నీ నోటికి వచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాడు. ట్యూషన్‌లో "తెలుగు మీడియమా?" అని నవ్వుతారని అసలు మాట్లాడడు. రెండు ముక్కల్లో ఒకటి తింటాడు. రెండోది కాగితంలో అలాగే పెట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని గంట కొట్టేదాకా చూస్తాడు.